పిల్లి ఎంత?

అన్నది నేనే. కాదని ఏ నోటితో అనను? “గడి చిన్నది చేస్తే అదే కాగితంలో ఎక్కువ ముక్కలొస్తాయి కదరా” అని, సెలవు రోజు పొద్దున ప్రెస్సులో చిల్లుల మిషను పక్కన నిలబడి, చేతికంటిన ఇంకు గుడ్డతో తుడుచుకుంటూ, నవ్వుతూ మరీ అన్నాను. ఇప్పుడు ఆ మాటే టైపు కొట్టిన కాగితంలో నా ఒళ్ళో ఉంది. కింద నా తమ్ముడి సంతకం. వాడి సంతకం నాకు తెలియకపోవడమేమిటి, మొదటి అక్షరానికి తోక పెట్టడం నేర్పిందే నేను. ‘గళ్ళు చిన్నవి చేస్తే ఎక్కువ ముక్కలొస్తాయని చెప్పింది మా అక్కే. బొమ్మ గీసింది మా అక్కే. మిషను పని నాకు రాదు.’ మూడు వాక్యాలు. వెతికి వెతికి చూశాను, ఒక్క అబద్ధం కనపడలేదు. అబద్ధమాడి ఉంటే బాగుండును. నోరారా తిట్టుకుందును, వీడు నా మీద లేనిపోనివి కల్పించాడు చూడండి అని నలుగురికీ చెప్పుకుందును. నిజాన్నే తెచ్చి నెత్తిన కొడితే ఎవరితో చెప్పుకోవాలి?

పదకొండున్నరకి పిలుస్తామన్నారు. కోర్టు వరండాలో గడియారం పదీ నలభై చూపిస్తోంది, దాని అద్దం మీద ఎవరో సున్నం మరకలు పడేసి తుడవకుండా వదిలేశారు. తమ్ముడి వకీలు ఇందాక వచ్చి నా పక్కన కూర్చోనైనా కూర్చోకుండా, ఒక కాలు బెంచీ మీద పెట్టి వంగి, ఈ కాగితం నా చేతిలో పెట్టాడు. “చూడండమ్మా, లోపల మిమ్మల్ని ఒకటే అడుగుతాను, ఈ మాట మీరన్నారా లేదా అని. అన్నాననండి, అంతే. తెలియక అన్నానని తరవాత మీ తరఫున ఎవరైనా చెప్పుకుంటారు. మీకు పెద్దగా ఏం పడదు. మీవాడికి మాత్రం సగానికి సగం తగ్గుతుంది.” పెద్దగా ఏం పడదట. పడేదేదో పడుతుందన్నమాట. ఆ మాట వాడు చెప్పమన్నాడా అని అడిగితే, వకీలు ఫైలు సర్దుకుంటూ “ఆయన మిమ్మల్ని ఎంతో తల్చుకుంటున్నారండీ” అన్నాడు. తల్చుకుంటాడు, ఎందుకు తల్చుకోడు, ఇలాంటప్పుడు తల్చుకోకపోతే ఎప్పుడు తల్చుకుంటాడు. నెల రోజుల్లో ఒక్క కబురు లేదు. నేను జైలుకి చూడ్డానికి వెళ్తే, వంట్లో బాగాలేదని రెండుసార్లు బయటికే రాలేదు. సిగ్గుపడుతున్నాడు పాపం అనుకుని నేనే ఏడ్చాను. సిగ్గు కాదు, ఈ మూడు వాక్యాలూ అప్పటికే రాసిచ్చేసి ఉన్నాడు.

మా ఆయన పొద్దున చెప్పులేసుకుంటూ అన్నాడు, “నీ తమ్ముడు, నీ కోర్టు, మధ్యలో నన్ను లాగకు” అని. తప్పేం లేదు ఆయనది. ఇరవై ఏళ్ళుగా వాడి గురించి ఆయన ఏం చెప్పినా నేను ఎగిరి పడ్డాను. ఫోన్ కవర్ల దుకాణం మూసేసినప్పుడూ, ఎవరి బండో తీసుకెళ్ళి గుద్దేసినప్పుడూ, ఆయన నోరు తెరిచేలోపే నేను వాడి తరఫు వకీలునయ్యేదాన్ని. వాడికి తెలియదండీ, వాడిది మెత్తటి మనసండీ, వాణ్ణి ఎవరో చెడగొట్టారండీ. మెత్తటి మనసే. ఎంత మెత్తటిదంటే, బొమ్మలు వేసి చిల్లులు కొట్టివ్వమని ఆ కాగితాల కట్ట మొదటిసారి ప్రెస్సుకి తెచ్చిన రోజున ఇంకు గురించి అడిగాడు. “నోట్లో పెట్టుకున్నా ఏం కాని ఇంకు కావాలక్కా. పిల్లలు కదా, నోట్లో పెట్టేసుకుంటారు.” నేను మురిసిపోయాను! ముప్పై ఏళ్ళు దాటాక నా తమ్ముడికి బుద్ధొచ్చింది, పరాయి పిల్లల కడుపు గురించి ఆలోచిస్తున్నాడు అని, మా ఆయన దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. మిఠాయి డబ్బాల మీద వేసే ఇంకు ఉంటుంది, ఖరీదెక్కువ, దాన్ని యజమానిని బతిమాలి తెప్పించాను. ఎవరి నోట్లోకి వెళ్తుందో వాడికి తెలుసు. వాడు ఒక్క అబద్ధం ఆడలేదు అప్పుడు కూడా. పిల్లల బొమ్మల కాగితాలు అన్నాడు. చిన్న చిన్న ముక్కలుగా చింపుకునేలా ఉండాలన్నాడు. తడిపి వాడుకుంటారు, అందుకే ఈ పీల్చుకునే కాగితం అన్నాడు. తడిపి రంగులద్దుకుంటారు కాబోలు అని నేనే అనుకున్నాను, రంగుల మాట వాడు ఎత్తలేదు.

నా మొహాన్ని తగలెయ్య, ఇరవై రెండేళ్ళుగా చిల్లుల మిషను మీద పనిచేస్తున్నదాన్ని. రసీదు పుస్తకాలు, ఆటల పోటీల టికెట్లు, లాటరీ చీటీలు, ఎన్ని లక్షల కాగితాలకి చిల్లులు వేశానో లెక్కలేదు. చింపితే నూలుపోగు లేవకుండా చిరగాలి, చింపకుండా ఉంటే ఎంత ఊపినా ఊడిరాకూడదు, అదీ పని. ఆ కాగితం నా మాట వినలేదు. అద్దుడు కాగితం అది, ఇంకు పెడితే చుట్టూ పాకిపోయేది, చిల్లు పడితే అంచులు బొచ్చులా లేచేవి. ఇంకెవరైనా అయితే, ఈ కాగితం మీద ఎవడు వేయిస్తాడ్రా బొమ్మలు, వేరేది తీసుకురా అనేవాళ్ళు. నాకేమో పట్టుదల వచ్చింది. చిల్లులు పొడిచే పళ్ళ పట్టీ మార్చాను, ఒత్తిడి తగ్గించాను, ఇంకు చిక్కగా కలిపాను, మూడు సెలవు రోజులు ఆ దిక్కుమాలిన కాగితంతో కుస్తీ పట్టి చివరికి దారికి తెచ్చాను. కాగితాన్ని చూశాను గానీ తెచ్చినవాణ్ణి చూడలేదు. పనిచేసేవాళ్ళకి ఉండే జబ్బే ఇది. ఎందుకు అని అడగం, ఎలా అని మాత్రమే ఆలోచిస్తాం.

బొమ్మ కూడా నేనే గీశాను, అదీ నిజమే. “ఏదో ఒకటి గియ్యక్కా, చిన్నది, ముద్దుగా ఉండేది” అన్నాడు. నాకు వచ్చిన బొమ్మ ఒకటే, పడుకున్న పిల్లి. ఒక సున్నా సగం చుట్టి వదిలేసి, రెండు చెవులు, ఒక తోక. వాడి బడి పుస్తకాల మీద పేరు రాస్తే ఎవడో కొట్టేసి దాన్ని మార్చేసుకుంటున్నాడని, అమ్మ పోయిన ఏడాది, ప్రతి పుస్తకం మూల ఆ పిల్లిని గీసిచ్చాను. పిల్లి ఉంటే వాడిదే అని క్లాసంతటికీ తెలిసిపోయింది. అదే గీశాను. వాడు చూసి అక్కా అంటూ భుజం మీద తల పెట్టాడు. ఇప్పుడు నాకు తెలిసినదాన్ని బట్టి ఆ తల వెనక ఏముందో ఊహించబోయి మానేస్తున్నాను. నిజంగానే పెట్టాడేమో. నిజంగా ప్రేమగానే పెట్టి, నిజంగా ప్రేమగానే ముంచాడేమో. అలాంటివాళ్ళు ఉంటారా?

వాణ్ణి పట్టుకున్నాక పోలీసు స్టేషనులో ఒక ఆడ ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, “దీని ధర ఎంతో చెప్పగలవా?” అంది. నేను ప్రెస్సు మనిషిని కదా, ప్రెస్సు ధర చెప్పాను. కాగితం ఇంత, ఇంకు ఇంత, వెయ్యికి చిల్లుల కూలి ఇంత, నేను మాత్రం కూలి తీసుకోలేదండీ, తమ్ముడు కదా, అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఒక ముక్క మీద వేలు పెట్టి, “ఇది ఒక్కటి నీ రెండు రోజుల జీతం” అంది. “పెద్ద గడిది అయితే వారం జీతం. దీన్ని పిల్లి అంటారు బయట. కాలేజీల దగ్గర, పాటల కచేరీల దగ్గర, ‘పిల్లి ఎంత’ అని అడుగుతారు. పోయిన నెల ఒక ధర, పరీక్షలైపోయాక ఇంకో ధర.” కాగితాన్ని మత్తుమందులో ముంచి ఆరబెడతారట. నాలుక కింద పెట్టుకుంటే గోడలు ఊపిరి పీలుస్తున్నట్టుంటుందట. నేను వింటున్నాను గానీ, నా కళ్ళు ఆ ముక్క అంచు మీదే ఉన్నాయి. బొచ్చు లేకుండా ఎంత బాగా చిరిగింది! చూశారా, అప్పుడు కూడా నాకు తట్టింది అదే. ఇలాంటిదాన్ని ఏమనాలి, తెలివితక్కువదనాలా ఇంకేమైనా అనాలా?

ఎవరో మనిషి వచ్చి బెంచీ ఆ చివర కూర్చున్నాడు. చేతికి తాళంచెవుల నూనె వాసన, గోళ్ళ కింద నలుపు, చొక్కా మాత్రం తెల్లగా ఉతికింది. కాసేపటికి తనే పలకరించాడు, తాళాలు బాగుచేస్తాడట, మార్కెట్టు వెనకాల చిన్న కొట్టు. “మీదీ ఇదే కేసా అమ్మా?” అన్నాడు. అవునన్నట్టు తలూపాను. సాక్షినండీ అన్నాను. “నేనూ సాక్షినే. మా అమ్మాయి తరఫున” అన్నాడు. ఇంకేం అడగలేదు నేను. అడగకపోయినా చెప్పేవాళ్ళుంటారు, చెప్పి చెప్పి మాటలు నున్నబడిపోయినవాళ్ళు.

“రెండో ఏడు చదువుతోందమ్మా. నలుగురు స్నేహితురాళ్ళు తలా కాస్త వేసుకుని కొన్నారంట. పెద్దదైతే వీళ్ళకి అందేది కాదు, ఎప్పట్నుంచో అనుకోవడమే గానీ కొనలేదు. చిన్నవి వచ్చాయని తెలిసి కొన్నారు. మా పిల్ల ఒకటి వేసుకుందంట, అరగంటైనా ఏమీ కాలేదంట. ఇంత ముక్క ఏం చేస్తుందిలే అని ఇంకోటి, ఇంకోటి. ఆ మిగతా పిల్లలు భయపడి వద్దన్నారు, వాళ్ళవీ ఇదే వేసేసుకుంది.” ఆయన చెయ్యి తొడ మీద కనపడని తాళమేదో తిప్పుతున్నట్టు కదులుతోంది. “మేడ మీద నుంచి నడిచేసింది. మెట్లున్నాయనుకుందంట. తుంటి ఎముక విరిగింది, అతుకుతుందన్నారు. అది కాదమ్మా, ఇంట్లో అద్దాలన్నీ తీసెయ్యమంది. అద్దంలో ఎవరో ఉన్నారంటుంది. అన్నీ తీసేశాను. గ్లాసుల్లో నీళ్ళు కూడా తొంగిచూడదు, కళ్ళు మూసుకుని తాగుతుంది.”

ఏదో ఒకటి అనాలి. ఊరడించాలి. మాట వెతుక్కునేలోపే ఆయనే మళ్ళీ, “పోలీసులు ఒక ముక్క చూపించారు నాకు. ఇంతే ఉంది, నా చిటికెన వేలి గోరంత. ఎంత చక్కగా చేశారో తెలుసా! మధ్యలో పిల్లి, చుట్టూ సమానంగా చిల్లులు, ఒక్కటి కూడా అటూ ఇటూ పోలేదు. పనిమంతుల చెయ్యి అది. మా పనిలో కూడా అంత సన్నపు పని చేసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అంత చెయ్యి ఉన్నవాళ్ళకి ఇదేం పోయేకాలం అనిపించిందమ్మా నాకు” అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నా పనిని ఇంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. మా యజమాని ఎప్పుడూ, బానే ఉంది కానీ తొందరగా కానీ అనేవాడు. చేతులు ఒళ్ళో ఉన్న కాగితం కింద పెట్టేసుకున్నాను. ఈయన నా వేళ్ళు చూస్తే చాలు, గుర్తుపట్టేస్తాడనిపించింది, ఎడం చేతి చూపుడువేలు మీద పళ్ళ పట్టీ గీసిన మచ్చ ఉంది. నేనేనండీ అని చెప్పెయ్యాలనీ ఉంది. చెప్తే ఏమంటాడు? కొడితే బాగుండును. కొట్టడు, అలాంటి మనిషి కాదు, కాస్త దూరం జరిగి కూర్చుంటాడు.

చిన్నవి వచ్చాయని తెలిసి కొన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయింది నా బుర్ర. చిన్నవి రాకపోతే కొనేవాళ్ళు కాదు, ఆ పిల్ల ఇవాళ క్లాసులో కూర్చుని ఆవలిస్తూ ఉండేది. చిన్నవి ఎలా వచ్చాయి? నేను అన్నాను కాబట్టి. నేను ఎందుకన్నాను? ఊరికే ఎవరైనా గళ్ళు చిన్నవి చేద్దాం అంటారా, దానికి ముందు ఏదో జరిగే ఉండాలి. నెల రోజుల నుంచి నా మాట మాత్రమే వినిపిస్తోంది చెవిలో. దాని ముందుదాన్ని ఎక్కడో పారేసుకున్నాను, పారేసుకోవడమేమిటి, దాచిపెట్టాను. మొదటి కట్ట పెద్ద గళ్ళతోనే వేశాను. అది తీసుకెళ్ళాడు. మళ్ళీ నెల పైన రెండో కట్టతో వచ్చాడు. నేను మిషను మీద పాత కొలతకే పట్టీ బిగిస్తున్నాను. వాడు పక్కన స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. అవును. కాళ్ళూపుతూ అన్నాడు. “పెద్దవి కొనలేకపోతున్నారక్కా పిల్లలు. ధర వినగానే వెళ్ళిపోతున్నారు.” అప్పుడన్నాను నేను, గడి చిన్నది చేస్తే సరి కదరా అని. వాడు వెంటనే, అది అవుతుందా అక్కా, అంత చిన్నది చెయ్యగలవా, అన్నాడు. చెయ్యగలవా అంటే నేను ఊరుకుంటానా? వాడికి తెలుసు నేను ఊరుకోనని. చిన్నప్పట్నుంచీ తెలుసు. చెయ్యగలవా అక్కా అంటే చాలు, గోడలెక్కేదాన్ని వాడి గాలిపటం కోసం. అంటే ఆ ఆలోచన నాది కాదు. నా నోట్లో పెట్టి నాతో అనిపించుకున్నాడు. అనిపించుకుని, భద్రంగా దాచుకుని, అవసరం పడిన రోజున తీసి, ముందున్నదాన్ని కత్తిరించేసి, మిగతాది సంతకం పెట్టి ఇచ్చాడు.

ఒరే, ఎంత పని చేశావురా. నమ్మించి గొంతు కోయడం అంటే పెద్ద కత్తి ఏదో ఉంటుందనుకున్నాను. పరాయివాళ్ళు చేస్తే అదో మాట. నీకు జ్వరమొస్తే నా ఒంట్లో వేడి పుట్టేదిరా. నువ్వు వచ్చి, అక్కా నేను తప్పు చేశాను, సగం నువ్వు మొయ్యి అని ఒక్కసారి అడిగి ఉంటే, సగమేం ఖర్మ, మొత్తం మోసేదాన్ని. అది కూడా నీకు తెలుసు. తెలిసీ అడగలేదు. అడిగితే నాకు రుణపడతావు, అడక్కుండా లాక్కుంటే ఆ బాధ లేదు. లేదా నేను ఒప్పుకోనేమోనని భయపడ్డావా? ఏ భయమైతేనేం. నన్ను మనిషిగా కూడా లెక్కపెట్టలేదు నువ్వు, నీ దగ్గరున్న మిషన్లలో ఒకదాన్ని అనుకున్నావు.

కానీ ఒక చిక్కుంది, అది ఈ బెంచీ మీద కూర్చున్నప్పట్నుంచీ కాలికింద రాయిలా గుచ్చుకుంటోంది. బొమ్మ ముక్క, పిల్లలు తడిపి ఆడుకునేది, దాన్ని కొనలేని పిల్లలుంటారా? ధర వినగానే వెళ్ళిపోయేంత ధర ఎందుకుంటుంది దానికి? ఆ ప్రశ్న నాకు తట్టింది. పట్టీ బిగిస్తూ తలెత్తి వాడి మొహంలోకి చూశాను, అడగబోయాను. అప్పుడే మిషనులో కాగితం ఇరుక్కుంది. ఇరుక్కుంటే లాగడం, చిరగకుండా లాగడం, అందులో పడి మర్చిపోయాను. అంతే, మర్చిపోయాను. పనిలో ఉన్న మనిషికి ఏ మాట గుర్తుంటుంది?

పేరు పిలిచారు. ఇంకా పదకొండూ ఇరవైయే. తాళాలాయన కూడా లేచాడు, ఆయన్నీ లోపల కూర్చోమన్నారట. నన్ను ముందు వెళ్ళనిచ్చి, తలుపు వెనక్కి కొట్టుకోకుండా పట్టుకున్నాడు.

గది చిన్నది, నాలుగు వరసల కుర్చీలు, పైన తిరిగీ తిరగని పంఖా. తమ్ముడు ఓ పక్కన నిలబడి ఉన్నాడు, చిక్కాడు, గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఎవరు చేసిచ్చారో. నా కళ్ళలోకి చూశాడు. చూడడేమో అనుకున్నాను, చూశాడు, చూసి కొంచెం తలూపాడు, పరీక్షకి వెళ్ళేవాళ్ళకి ధైర్యం చెప్పినట్టు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వకీలు లేచి కాగితం చదివి, “ఈ మాట మీరన్నారా?” అన్నాడు.

“అన్నానండీ.”

తమ్ముడి భుజాలు దిగాయి. అంత దూరం నుంచి కూడా తెలిసింది నాకు, వాడు ఊపిరి వదలడం. వకీలు “అంతేనండీ” అని కూర్చోబోయాడు.

“అంతే కాదండీ” అన్నాను. “వాడు ముందొక మాటన్నాడు. దానికి జవాబుగా అన్నాను నేను.” వకీలు అక్కర్లేదన్నాడు. జడ్జిగారు చెప్పనివ్వమన్నారు. చెప్పాను. పెద్దవి కొనలేకపోతున్నారక్కా పిల్లలు, ధర వినగానే వెళ్ళిపోతున్నారు, అన్నాడండీ. చెయ్యగలవా అక్కా అన్నాడండీ. “అక్కా” అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా, చిన్నప్పుడు చీకట్లో పిలిచినట్టు. నేను అటు తిరగలేదు. వెనక వరసలో ఎక్కడో తాళాలాయన ఉన్నాడు, ఇప్పటికి నేనెవరో ఆయనకి తెలిసి ఉంటుంది, అటూ తిరగలేదు.

జడ్జిగారు కళ్ళజోడు తీసి, “ధర ఎంత అని మీరు అడగలేదా?” అన్నారు.

“లేదండీ.”

“ఎందుకని?”

కాగితం ఇరుక్కుందండీ అని చెప్పబోయాను. మాట నాలుక చివరే ఉంది, అబద్ధం కూడా కాదు అది, నిజంగానే ఇరుక్కుంది.

“అడిగితే చెప్పేస్తాడేమోనని అడగలేదండీ.”

పక్కన టైపు చేస్తున్న అమ్మాయి చేతులాపి తలెత్తింది. “సరిగ్గా వినపడలేదమ్మా. ఆ చివరి మాట మళ్ళీ చెప్పండి, కొంచెం నెమ్మదిగా” అంది. మళ్ళీ చెప్పాను, ఒక్కో మాటా ఆమె వేళ్ళకి అందేటట్టు, నెమ్మదిగా.